ఉమ్మడి సొమ్ము, ఉమ్మడి స్నేహం: ‘రొమాన్జో క్రిమినాలె’ దగ్గర ప్రేక్షకులు ఎందుకు విడిపోతారు

నలుగురు కుర్రాళ్లు రాత్రిపూట ఒక కారు కొట్టేస్తారు. దారిలో పోలీసులు ఆపబోతే ఆగకుండా దూసుకుపోతారు. ఆ హడావిడిలో ఒకడి కాలు విరుగుతుంది, ఇంకొకడికి లోపల బలంగా దెబ్బ తగులుతుంది. సముద్రం ఒడ్డున ఖాళీగా పడి ఉన్న ఒక పాత కారవాన్‌లో దూరి దాక్కుంటారు. బయట చీకటి, లోపల భయం. ఆ భయంలోనే ఒకరికొకరు కొత్త పేర్లు పెట్టుకుంటారు. ఒకడు లిబనేజే, అంటే లెబనాన్ వాడు. ఇంకొకడు ఫ్రెడ్డో, అంటే చల్లనివాడు, దేనికీ చలించనివాడు. మూడోవాడు దాందీ, సోకులరాయుడు. నాలుగోవాడు గ్రానా. ఇటలీ వీధిభాషలో గ్రానా అంటే డబ్బు. ఆ రాత్రి తెల్లవారకముందే చచ్చిపోయేది ఆ నాలుగోవాడే.

మికేలె ప్లాచిదో 2005లో తీసిన ‘రొమాన్జో క్రిమినాలె’ ఇలా మొదలవుతుంది. రోమ్ నగరాన్ని 1970ల చివర నుంచి పదేళ్లకు పైగా గుప్పిట్లో పెట్టుకున్న ముఠా కథ ఇది. రెండున్నర గంటల సినిమా. చూసినవాళ్లలో సగం మంది ఇది స్నేహం గురించి తీసిన గొప్ప విషాదం అంటారు. మిగతా సగం, హంతకులకు అందమైన ముఖాలు తొడిగి ఊరేగించిన సినిమా అంటారు. ఇరవై ఏళ్లు గడిచినా ఈ వాదన తెగలేదు. తెగకపోవడానికి కారణం సినిమాలోనే ఉంది. స్నేహం ఎక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో అది ఎక్కడా గీత గీసి చూపించదు. రెండూ ఒకే గింజలోని రెండు పప్పులని చెబుతుంది. ఆ మాట వినపడనివాళ్లు ఏదో ఒక పప్పు పట్టుకుని వాదిస్తారు.

ముందు ఈ సినిమా పుట్టుక గురించి నాలుగు ముక్కలు. దీనికి ఆధారం 2002లో వచ్చిన నవల. రాసింది జాన్‌కార్లో దె కతాల్దో, రోమ్‌లో జడ్జీగా పనిచేసిన వ్యక్తి. కోర్టు కాగితాలు దగ్గరగా చూసినవాడు కాబట్టి నవలలో ఊహ కంటే ఫైళ్ల బరువు ఎక్కువ కనిపిస్తుంది. పాత్రల పేర్లు మారాయి గానీ వాటి వెనకున్నది బందా దెల్లా మల్యానా, అంటే మల్యానా ముఠా. మల్యానా రోమ్‌కు నైరుతి దిక్కున, టైబర్ నది పక్కన ఉన్న పేట. లిబనేజే వెనక ఫ్రాంకో జుసెప్పుచ్చి, ఫ్రెడ్డో వెనక మౌరీత్సియో అబ్బతీనో, దాందీ వెనక ఎన్రికో దె పెదిస్ ఉన్నారు. జుసెప్పుచ్చి రొట్టెలు కాల్చే ఇంటి పిల్లాడు. అందుకే అతన్ని పేటలో ‘ఫొర్నారెట్టో’ అని కూడా పిలిచేవారు, రొట్టెలబ్బాయి అన్నమాట.

తెర మీద లిబనేజేగా పియెర్‌ఫ్రాంచెస్కో ఫవీనో, ఫ్రెడ్డోగా కిమ్ రోస్సి స్టువార్ట్, దాందీగా క్లౌదియో సాంతమరియా నటించారు. వెంటాడే పోలీసు అధికారి షలోయా పాత్రలో స్తెఫానో అక్కోర్సి కనిపిస్తాడు. 2006లో బెర్లిన్ చలనచిత్రోత్సవ పోటీలో ఈ సినిమా ఆడింది. ఇటలీ వాళ్ల పెద్ద సినిమా అవార్డులు దావిద్ ది దొనతెల్లోలో అదే ఏడాది ఎనిమిది గెలుచుకుంది. ఫవీనోకు సహాయనటుడిగా, లూకా బిగాజ్జికి ఛాయాగ్రహణానికి, రచయితలకు స్క్రీన్‌ప్లేకి వచ్చిన అవార్డులు అందులో ఉన్నాయి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వం మాత్రం ఆ ఏడు నాన్నీ మొరెట్టి సినిమాకు వెళ్లాయి. ఇందులోనూ ఒక తీర్పు దాగి ఉంది. పనితనానికి చేతులెత్తి మొక్కిన పరిశ్రమే, మొత్తం సినిమా దగ్గరకు వచ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేసింది. మామూలు ప్రేక్షకుల మాటల్లోనూ అచ్చంగా ఇదే వరస: నటన అద్భుతం, వాతావరణం అద్భుతం, కానీ…

ఆ ‘కానీ’ తర్వాత వచ్చే మొదటి ఆరోపణ అందం గురించి. ముఠా మనుషులందరూ సినిమా పోస్టర్ల నుంచి దిగి వచ్చినట్టు ఉంటారు. తోలు కోట్లు, పెద్ద కాలర్ల చొక్కాలు, పొడుగు జుట్టు, వెనక ఆ కాలపు హుషారు పాటలు. తుపాకీ పట్టుకుంటే ఆ చేతికే అందం వచ్చినట్టు కెమెరా తిరుగుతుంది. ఇటలీలో ఈ కోపం ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. ఆ ముఠా అమ్మిన హెరాయిన్ రోమ్ శివారు పేటల్లో ఒక తరం కుర్రాళ్లను మింగేసింది. అన్ననో తమ్ముణ్నో అలా పోగొట్టుకున్న ఇల్లు ఈ సినిమా చూస్తే, తెర మీద మెరిసే ముఖాల వెనక ఇంకేదో కనిపించడం సహజం. ఈ కోపాన్ని ఛాందసం అని తోసెయ్యడం అన్యాయం. మత్తుమందు అమ్మకం మీద సినిమా ఎన్నో నిమిషాలు ఖర్చు పెడుతుంది. అది కొనుక్కుని కుప్పకూలినవాళ్ల మీద చాలా తక్కువ ఖర్చు పెడుతుంది. ఆ లెక్క తప్పే.

అయితే ప్లాచిదో గతం తెలిస్తే ఈ ఆరోపణ అంత సులువుగా నిలబడదు. నటుడు కాకముందు అతను రోమ్‌లో పోలీసు. 1968లో వాల్లె జూలియా దగ్గర విద్యార్థులకూ పోలీసులకూ జరిగిన ఘర్షణలో యూనిఫాం వేసుకున్న వైపు నిలబడ్డాడు. 1984 నుంచి ఇటలీ టీవీలో మాఫియాతో పోరాడే కమీసర్ కత్తానీగా నటించి ఇంటింటి మనిషి అయ్యాడు. నేరస్తుల మీద మోజుతో సినిమా తీసే మనిషి కాదు. మరి ఆ అందం ఎందుకు పెట్టాడు? జవాబు సినిమాలోని వయసుల్లో ఉంది. ఈ కుర్రాళ్లు పాతికేళ్లు నిండీ నిండకుండానే ఊరిని ఏలారు. తాము అందగాళ్లమని, అజేయులమని నమ్మారు. సినిమా వాళ్లను వాళ్ల అద్దంలోంచే చూపిస్తుంది. ఆ అద్దం పగిలే చప్పుడు మొదటి గంట దాటాక మొదలవుతుంది. చాలామంది ప్రేక్షకులు ఆ చప్పుడు వచ్చేలోపే తమ అభిప్రాయం స్థిరపరచుకుంటారు.

అసలు విషయం దాగి ఉన్నది కిడ్నాప్ తర్వాత వచ్చే సన్నివేశంలో. జైలు నుంచి ఫ్రెడ్డో బయటికొస్తాడు, లిబనేజే ఎదురొస్తాడు, ఇద్దరూ కలిసి ఒక సంపన్న బారన్‌ను ఎత్తుకుపోతారు. నిజజీవితంలో ఇది 1977 నవంబరులో జరిగిన డ్యూక్ మాస్సిమిలియానో గ్రాత్సియోలి కిడ్నాప్‌కు నీడ. కుటుంబం డబ్బు చెల్లించింది, డ్యూక్ మాత్రం తిరిగి రాలేదు. సినిమాలోనూ డబ్బు వస్తుంది, బారన్ తిరిగి వెళ్లడు. ఇప్పుడు గదిలో డబ్బు ఉంది, చుట్టూ మనుషులు ఉన్నారు. మామూలుగా అయితే ఎవరి వాటా వాళ్లు పుచ్చుకుని ఎవరి దారిన వాళ్లు పోవాలి. కొత్త బట్టలు, కొత్త కారు, పది రోజుల జల్సా, మళ్లీ జైలు. లిబనేజే అడ్డుపడతాడు. పంచుకోవద్దంటాడు. అంతా ఒక్కచోటే ఉంచి, దానితో మత్తుమందు కొని, ఊరినే కొందామంటాడు. గొణుగుళ్లు మొదలవుతాయి. ఫ్రెడ్డో లిబనేజే వైపు నిలబడతాడు.

ఫవీనో ఈ చోట గొంతు పెంచడు. కుంటికాలు ఈడ్చుకుంటూ తిరుగుతాడు. ఆ కాలు కారవాన్ రాత్రి విరిగిన కాలే. ప్రతి అడుగులో చిన్ననాటి స్నేహం గుర్తుకొస్తుంది. అతని నోటి నుంచి వచ్చేది మాత్రం పక్కా పెట్టుబడి ప్రతిపాదన. ఈ ఒక్క సన్నివేశం సరిగ్గా చూస్తే చాలు. వీళ్ల స్నేహానికి నేరం తర్వాత అంటుకున్న మసి కాదని అర్థమవుతుంది. ఈ స్నేహం ఒక ఉమ్మడి ఖాతాగా మొదలైంది. ఒకే కంచం ఒకే మంచం అంటామే, అక్కడ కంచంలో ఉన్నది హెరాయిన్ సొమ్ము. తెలుగులో ‘పొత్తు’ అనే మాటకు కలిసి తినడం, కలిసి వ్యాపారం చేయడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. ఆ ముఠాకు ఇంతకంటే సరిపోయే మాట దొరకడం కష్టం.

రోమ్ వీధిభాషలో దీనికి ‘స్తెక్కా పారా’ అని పేరు. సమాన వాటా అని అర్థం. దోపిడీకి వెళ్లినవాడికీ వెళ్లనివాడికీ ఒకే వాటా. జైలులో ఉన్నవాడికి కూడా వాటా ఆగదు, ఇంటికి చేరుతుంది, లాయరు ఫీజూ అందులోంచే వెళ్తుంది. మల్యానా ముఠా అంతకుముందు రోమ్‌లో లేని బలాన్ని సంపాదించింది ఈ ఒక్క నియమంతోనే. అప్పటిదాకా రోమ్ నేరలోకం పేట పేటకూ వేరు వేరు గుంపులు. సిసిలీ మాఫియాలా పెద్ద తలకాయ, కట్టుబాట్లు, వారసత్వం ఏమీ లేవు. ఆ లోటును స్తెక్కా పారా పూడ్చింది. పట్టుబడ్డవాడు నోరు విప్పకపోవడానికి ప్రమాణాల కంటే నెలనెలా ఇంటికి చేరే ఆ డబ్బే గట్టి కారణం.

అందుకే విరిగినప్పుడు కూడా అక్కడే విరిగింది. ముఠా పుట్టుకలో పాలుపంచుకున్న నికొలీనో సెలీస్ జైలులో ఉంటూనే తన వైపు వాటా పెంచమని, మత్తుమందు పంపకం మార్చమని పట్టుబట్టాడు. 1981లో అతను బయట ఉన్న సమయంలో సొంతవాళ్లే చంపేశారు. శవం దొరకలేదు. పదేళ్లు పూర్తయ్యేసరికి ముఠా రెండు ముక్కలైంది. ఒకవైపు మల్యానావాళ్లు, రెండో వైపు తెస్తాచ్చో పేటవాళ్లు. తెస్తాచ్చో వైపు దె పెదిస్ తన సొమ్మును తెలివిగా ఇళ్లలో, దుకాణాల్లో పెట్టాడు. అది నా చెమట, ఎవరికీ వాటా లేదన్నాడు. జైలు నుంచి వచ్చిన మల్యానా వైపు మనిషి ఎదుఆర్దో తొస్కానో లెక్క అడిగాడు. 1989 మార్చిలో రోమ్ సముద్రతీరంలోని ఓస్తియాలో తొస్కానోను కాల్చి చంపారు. ఏడాది తిరగకుండానే, 1990 ఫిబ్రవరి 2న, రోమ్ నడిబొడ్డున వియా దెల్ పెల్లెగ్రీనో వీధిలో దె పెదిస్‌ను చంపారు. అతనికి ముప్ఫై ఐదేళ్లు. అన్నదమ్ముల పంపకాల దగ్గర పేచీ వస్తే మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుంటారు. అక్కడ కూర్చునే పెద్దమనిషి లేడు. లిబనేజే వెనకున్న జుసెప్పుచ్చి 1980లోనే పోయాడు.

దాందీ పాత్ర మీద వచ్చే అభిప్రాయాలు ఇక్కడికే దారి తీస్తాయి. ‘దాందీ స్నేహానికి ద్రోహం చేశాడు’ అని ప్రేక్షకులు తేలిగ్గా అనేస్తారు. సినిమాలో మూడు భాగాలకు ముగ్గురి పేర్లు: మొదట లిబనేజే, తర్వాత ఫ్రెడ్డో, చివర దాందీ. మూడోది వచ్చేసరికి చాలామందికి ఆసక్తి తగ్గుతుందని తరచూ వినిపించే ఫిర్యాదు. నిజమే, ఫవీనో తెర మీద లేనప్పుడు సినిమా బరువు తగ్గుతుంది. కానీ దాందీని విలన్‌గా కొట్టిపారేస్తే సినిమా చెప్పే కథలో సగం పోతుంది. అతను చేసింది కొత్త పని కాదు. లిబనేజే మొదటి రోజు చెప్పిన మాటనే చివరిదాకా తీసుకెళ్లాడు. డబ్బు పంచుకోవద్దు, పెట్టుబడి పెట్టు. పంచుకోవద్దన్న మాటను ఒకడు అందరి కోసం అన్నాడు, ఇంకొకడు తన కోసం పాటించాడు. సాంతమరియా నటనలో సిగ్గు, ఆశ, దొంగచూపు మూడూ కలిసి ఉంటాయి. ఈ ముగ్గురిలోనూ తక్కువ మెప్పు పొందింది అతనే. న్యాయంగా చూస్తే ఎక్కువ మెచ్చుకోవలసింది అతన్నే.

రెండో పెద్ద ఫిర్యాదు వేగం. పదిహేనేళ్ల కథ, లావుపాటి నవల, రెండున్నర గంటలు. మనుషులు వస్తారు, పోతారు, ఎవరు ఎవరినెందుకు చంపారో తెలిసేలోపు ఇంకొకడు చస్తాడు. ఇటలీ బయట చూసినవాళ్లకు ఇది మరీ కష్టం. తెలుగు ప్రేక్షకుడికి కూడా. అర్థం కావాలంటే ఆ దేశపు చరిత్ర కొంత తెలియాలి. ఆ కాలాన్ని ఇటలీవాళ్లు ‘అన్నీ ది పియోంబో’ అంటారు, సీసపు సంవత్సరాలు. తూటాల్లో ఉండే సీసం అన్నమాట. 1978 మార్చి 16న మాజీ ప్రధాని అల్దో మోరోను రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ దళం అపహరించింది. 55 రోజుల తర్వాత, మే 9న, ఒక కారు డిక్కీలో అతని శవం దొరికింది. 1980 ఆగస్టు 2 ఉదయం 10 గంటల 25 నిమిషాలకు బొలోన్యా రైల్వే స్టేషన్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. ఆ గోడ మీద గడియారాన్ని ఇప్పటికీ 10:25 దగ్గరే ఆపి ఉంచారు.

సినిమా ఈ రెండు సంఘటనలనూ ముఠా కథలోకి లాగుతుంది. రాజ్యంలో పేరు లేని మనుషులు ముఠా చేత పనులు చేయించుకుంటారు, తర్వాత వాటిని మరిచిపోమంటారు. బొలోన్యా శిథిలాల మధ్య ఫ్రెడ్డో కనిపిస్తాడు. ఈ భాగం చాలామంది ప్రేక్షకులకు అతికించినట్టు అనిపిస్తుంది. ముఠా కథ చూద్దామని వస్తే రాజకీయ చరిత్ర పాఠం ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. ఇటలీవాళ్లకు అలా అనిపించదు, ఎందుకంటే వాస్తవం అలాగే జరిగింది. 1981 నవంబరులో రోమ్‌లోని ఎయుర్ ప్రాంతంలో ఆరోగ్య మంత్రిత్వశాఖ భవనం నేలమాళిగలో ముఠా ఆయుధాల నిల్వ బయటపడింది. ప్రభుత్వ కార్యాలయం కింద, ప్రభుత్వ ఉద్యోగి కాపలాలో! మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ముఠాలోని దానీలో అబ్బ్రుచాతి మిలాన్ వెళ్లి, బాంకో అంబ్రోసియానో ఉపాధ్యక్షుణ్ని చంపబోయి తానే చచ్చాడు. ఇంత పెద్ద బ్యాంకుతో రోమ్ వీధి ముఠాకు ఏం పని అన్న ప్రశ్నకు ఇటలీ ఇప్పటికీ జవాబు వెతుకుతూనే ఉంది. రాజకీయాన్ని తీసేస్తే ఈ ముఠా కథే ఉండదు.

అయినా ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. చరిత్రను దృశ్యంగా మలచడం ఒక పని, చరిత్రను ముట్టి పక్కకు తప్పుకోవడం ఇంకో పని. ప్లాచిదో చాలాచోట్ల రెండోదే చేశాడు. బొలోన్యా సన్నివేశం కదిలిస్తుంది. కానీ ఫ్రెడ్డో మనసులో అది ఏం మార్చిందో చెప్పడానికి సినిమాకు తీరిక లేదు.

ఈ తీరిక దొరికింది టీవీ సిరీస్‌కి. 2008లో స్తెఫానో సొల్లీమా దర్శకత్వంలో మొదలై, రెండు సీజన్లలో 22 భాగాలుగా సాగింది. ఫ్రాంచెస్కో మొంతానారి లిబనేజేగా, వినీచియో మార్కియోని ఫ్రెడ్డోగా, అలెస్సాంద్రో రోయా దాందీగా నటించారు. ఇప్పుడు ఎక్కడ చర్చ జరిగినా ప్రేక్షకులు ముందు అడిగేది ఇదే: సినిమానా, సిరీసా? ఇటలీలో యువతరం సిరీస్ వైపే మొగ్గుతుంది. ‘ఇయో స్తావో కోల్ లిబనేజే’, అంటే ‘నేను లిబనేజేతో ఉండేవాణ్ని’ అన్న సిరీస్ డైలాగు సామెతలా పాకిపోయింది, చొక్కాల మీదికి కూడా ఎక్కింది. ఈ మాట అన్నది ముసలివాడైన ఒక పాత ముఠా మనిషి. వీధికుర్రాళ్లు కొట్టాక, తన దగ్గర మిగిలిన ఒకే ఒక ఆస్తిని బయటికి తీసి చూపిస్తాడు. ఒకప్పుడు తాను ఎవరి పక్కన నిలబడ్డాడో చెప్పుకుంటాడు. స్నేహం కూడా చివరికి చూపించుకునే పట్టా అయింది. చొక్కా మీద ఆ మాట వేసుకున్న కుర్రాళ్లకు ముసలివాడి దెబ్బలు కనిపించలేదు, గర్వమే కనిపించింది. అందం గురించిన మొదటి ఆరోపణ నిజంగా వర్తించాల్సింది సినిమా కంటే సిరీస్‌కే. పొట్టిగా ఉండటం వల్ల సినిమాలో చావు వెంట చావు వస్తుంది, ఊపిరి పీల్చుకుని ఆరాధించడానికి సమయం ఉండదు. సిరీస్‌లో ఈ మనుషులతో వారాల తరబడి కాపురం చేస్తాం. కాపురం చేసిన మనిషి మీద మమకారం పెరగకుండా ఎలా ఉంటుంది?

సెర్జో లియోనే 1984లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’తో పోలిక కూడా ప్రతి చర్చలో వస్తుంది. పేదపేట పిల్లలు, చిన్ననాటి చావు, పెద్దయ్యాక ఉమ్మడి డబ్బు, ద్రోహం. వరస చాలా దగ్గరగా ఉంది. లియోనే కూడా రోమ్ బిడ్డే. కానీ అతని సినిమాలో జ్ఞాపకం తీయగా, నల్లమందు పొగలా కమ్ముకుంటుంది. ప్లాచిదో సినిమాలో జ్ఞాపకం గాయంలా సలుపుతుంది, లిబనేజే కుంటికాలు లాగా. ఈ పోలికతో సినిమాను కాపీ అని తక్కువ చేసేవాళ్లు ఆ కాలును గమనించి ఉండరు.

ఆడవాళ్ల పాత్రల గురించి వచ్చే అభిప్రాయం సూటిగా సరైనదే కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. అన్నా ముగ్లాలిస్ చేసిన పాత్రీసియా ఒళ్లు అమ్ముకుని బతికే మనిషి. దాందీ, పోలీసు అధికారి ఇద్దరూ ఆమె చుట్టూ తిరుగుతారు. ఆమెకు తనదైన లెక్క ఉందని సినిమా సూచిస్తుంది గానీ ఆ లెక్క ఎప్పుడూ విప్పి చూపదు. జాస్మిన్ త్రింకా చేసిన రోబెర్తా ఫ్రెడ్డోకు ఒక చర్చిలో కారవాజ్జో గీసిన చిత్రం చూపిస్తుంది. రోమ్ వీధుల్లో కత్తి పట్టి తిరిగి, 1606లో ఒక మనిషిని చంపి ఊరు విడిచి పారిపోయిన చిత్రకారుడు కారవాజ్జో. ఆ బొమ్మ ముందు ఫ్రెడ్డో నిలబడ్డ కొన్ని క్షణాల్లో స్టువార్ట్ ముఖం మీద చిన్నపిల్లాడి ముఖం మళ్లీ వస్తుంది. రోబెర్తాకు మాత్రం ఆ పిల్లాణ్ని చూసే కన్నుగా ఉండటం తప్ప ఇంకో పని ఇవ్వలేదు.

భాష విషయంలో బయటి ప్రేక్షకుడు పోగొట్టుకునేది చాలా ఉంది. వీళ్లు మాట్లాడేది పుస్తకాల ఇటాలియన్ కాదు. రోమనెస్కో, రోమ్ పేటల యాస. పదాల తోకలు తెగిపోతాయి, బూతు మర్యాదలా వస్తుంది, ప్రేమ తిట్టులా వస్తుంది. 1950ల్లో రచయిత, దర్శకుడు పాసోలినీ తన నవలల్లోకి తెచ్చిన శివారు కుర్రాళ్ల మాట ఇదే. సబ్‌టైటిల్స్‌లో ఇదంతా చదును అయిపోతుంది. కర్నూలు వైపు మనిషి ‘ఏందిరా’ అన్నదాన్ని ‘ఏమిటి మిత్రమా’ అని రాసినట్టు ఉంటుంది. బయటి ప్రేక్షకులు ‘పాత్రల మధ్య ప్రేమ కనబడలేదు’ అని రాయడానికి ఇది ఒక పెద్ద కారణం. ఆ ప్రేమ యాసలో ఉంది. లిబనేజే, ఫ్రెడ్డో ఒకరినొకరు ఎప్పుడూ పొగడరు. ఒకరినొకరు తిట్టుకునే తీరులో మూడో మనిషికి చోటుండదు, అంతే.

మాఫియా, ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడు ఈ సినిమాలో స్నేహితుడి కోసం ప్రాణాలకు తెగించే ఘట్టం కోసం చూస్తాడు. అది ఉంది. లిబనేజే చనిపోయాక ఫ్రెడ్డో పగ తీర్చుకుంటాడు. చరిత్రలోనూ అదే జరిగింది. జుసెప్పుచ్చిని 1980 సెప్టెంబరు 13న రోమ్‌లోని త్రాస్తెవెరే పేటలో సాన్ కొసిమాతో చౌక్‌లో కాల్చారు. తూటా దిగాక కూడా కారు తనే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లి అక్కడ చనిపోయాడు. చంపింది పోటీ ముఠా అయిన ప్రొయెత్తి కుటుంబమని నమ్మిన ముఠా ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి వేటాడింది. కానీ మన సినిమాల్లో పగ తీరాక కథ ముగుస్తుంది, పాట వస్తుంది. ఇక్కడ పగ తీరాక కథ కుళ్లడం మొదలవుతుంది. చనిపోయినవాడి కోసం ఒక్కటైన మనుషులు బతికున్నవాడి వాటా దగ్గర విడిపోతారు. ఇది మింగుడుపడక ‘రెండో సగం తేలిపోయింది’ అనేవాళ్లు ఉన్నారు. తేలిపోలేదు. ఆ చేదు కోసమే మొదటి సగం అంత తియ్యగా తీశారు.

ముగింపు గురించి వచ్చే అభిప్రాయాలు ఇంకో రకం. చరిత్ర తెలియని ప్రేక్షకుడికి ఫ్రెడ్డో చావు గుండె పిండేస్తుంది. తెలిసినవాడికి అక్కడ అభ్యంతరం ఉంది. సినిమాలో ఫ్రెడ్డో తూటాకు బలవుతాడు. అతని వెనకున్న అసలు మనిషి అబ్బతీనో చావలేదు. దేశం వదిలి పారిపోయాడు. అతని ఆచూకీ కోసం పాత స్నేహితులే 1990లో అతని సోదరుణ్ని హింసించి చంపారు. 1992 జనవరిలో వెనిజులా రాజధాని కరాకస్‌లో అబ్బతీనో పట్టుబడ్డాడు. ఇటలీకి తెచ్చాక నోరు విప్పాడు. ఎవరు ఎవరిని చంపారో, ఎంత డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పాడు. 1993 ఏప్రిల్‌లో రోమ్‌లో పెద్దఎత్తున అరెస్టులు జరిగాయి. ఈ కథ చివర హీరో చావు లేదు, వాంగ్మూలం ఉంది.

ప్లాచిదో ఆ వాంగ్మూలాన్ని వదిలేసి తూటాను ఎంచుకున్నాడు. సినిమాలో ఇదొక్కటే గట్టి బలహీనత. స్నేహం వాటా మీద నిలబడిందని రెండు గంటలపాటు చెప్పిన సినిమా, చివరి పది నిమిషాల్లో ఆ మాట మీద నిలబడలేక ఫ్రెడ్డోను అమరుణ్ని చేసేసింది. సోదరుణ్ని చంపిన స్నేహితుల పేర్లు టేబుల్ మీద పెట్టే మనిషి ముఖాన్ని స్టువార్ట్ ఎలా చేసి ఉండేవాడో చూసే అవకాశం పోయింది. ఆ లోటు ఇంకో సినిమా కొంత తీర్చింది. 2019లో మార్కో బెల్లోక్కియో తీసిన ‘ఇల్ త్రదితోరె’లో సిసిలీ మాఫియా రహస్యాలు కోర్టులో బయటపెట్టిన తొమ్మాసో బుషెత్తా పాత్ర వేసింది ఎవరో కాదు, పియెర్‌ఫ్రాంచెస్కో ఫవీనో. పద్నాలుగేళ్ల కిందట కుంటుకుంటూ ‘పంచుకోవద్దు’ అన్న గొంతే, కోర్టులో నిలబడి పాత మిత్రుల మీద సాక్ష్యం చెబుతుంది.

ఇక దె పెదిస్ సంగతి. అతన్ని రోమ్ నడిమధ్యలోని సాంత్ అపొల్లినారె బసీలికాలో, అంటే పెద్ద చర్చిలో, బిషప్పులకూ పెద్దలకూ దక్కే చోట పాతిపెట్టారు. జనం ఏళ్ల తరబడి గొడవ చేశాక 2012లో ఆ సమాధి తెరిచి అతన్ని అక్కడి నుంచి తరలించారు. సినిమాలోని దాందీకి అలాంటి సమాధి చూపించి ఉంటే ‘ఇది మరీ అతి’ అని ప్రేక్షకులు రాసి ఉండేవాళ్లు.